మా మరదలి కాటా, సర్కారు లోటు

మా తమ్ముడి భార్యకి అనుమానం ఒక జబ్బు అని ఇంటిల్లిపాదీ అంటారు. నేను మాత్రం అది జబ్బు కాదు, ఉద్యోగం అంటాను. పొద్దున్నించీ సాయంత్రం దాకా లారీ డ్రైవరు చెప్పే మాటకీ, కాటా చూపించే అంకెకీ మధ్య కూర్చునే మనిషికి నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది చెప్పండి? గ్యాసు బండ వస్తే ఊపి చూస్తుంది. పాలవాడు నవ్వుతూ వస్తే ఆ రోజు నీళ్ళు ఎక్కువ కలిపాడని తేల్చేస్తుంది. పెళ్ళికి ముందు నన్ను పక్కకి పిలిచి, "వదినా, మీ తమ్ముడికి పళ్ళు అన్నీ సొంతవేనా? మరీ అంత వరసగా ఉన్నాయేమిటి?" అని అడిగిన మనిషి. నేను బళ్ళో పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడం అలవాటు. "సొంతవే, చిన్నప్పుడు నన్ను కరిచేవాడు" అన్నాను. అప్పుడు ఒప్పుకుంది.

ఆమె పని పన్నుల శాఖలో. ఊరు దాటాక పెద్ద రోడ్డు పక్కన ఒక గది, గది ముందు నేలలో బిగించిన పొడవాటి ఇనప పలక. క్వారీ నుంచి రాళ్ళ లారీలు వచ్చి ఆ పలక మీద నిలబడతాయి. గదిలో అంకె వెలుగుతుంది. మోయాల్సిన దానికంటే ఎక్కువ మోస్తే జరిమానా. పలక కింద మనిషి నడుం వంచుకుని దూరేంత గుంట ఉంటుంది, తూకం వేసే సరంజామా అంతా అందులోనే. గదిలో ఒక కుర్చీ, ఒక ఫ్యాను, కిటికీ. ఆ కిటికీలో మా మరదలి తల. అందరికీ ఆమె కాటా అక్క.

అక్కడ ఒక పద్ధతి ఉంది. లారీ పలక ఎక్కేముందు డ్రైవరు తల బయటపెట్టి, "ఖాళీయేనా అక్కా?" అని కేకేస్తాడు. అంటే పలక మీద ముందు బండి దిగిపోయిందా, అంకె సున్నాకి వచ్చిందా అని. ఈవిడ కిటికీలోంచి వంగి చూసి, సున్నా చూసి, "ఖాళీయే, రా!" అంటుంది. రోజంతా ఇదే. ఇంట్లో ఒకసారి స్నానాలగది తలుపు కొట్టి మా తమ్ముడు "ఖాళీయేనా?" అంటే, లోపల్నించి సబ్బు నురగతో "ఖాళీయే, రా!" అని కేక వేసింది. ఆ కథ మేం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం. ఆవిడ ఇప్పటికీ మొహం మాడ్చుకుంటుంది.

ఆ ఏడు సర్కారు వారు లోటు పెరిగిపోయిందన్నారు. వచ్చేదానికంటే పోయేది ఎక్కువైంది, అన్ని శాఖల్లోనూ ఖర్చులు కోసేస్తాం, అప్పుడే లోటు దిగివస్తుందన్నారు. మా తమ్ముడికి ఈ మాట మహా నచ్చింది. వాడు దర్జీ. కత్తెర అన్న మాట వింటేనే వాడి చేతికి దురద.

"సబబే కదా అక్కా! బట్ట ఎంతుందో అంతలోనే చొక్కా కుట్టాలి. బట్ట తక్కువైతే కత్తిరించడం తప్ప ఇంకేముంది?" అన్నాడు నాతో, కాలితో మిషను తొక్కుతూనే.

"చేతులు కత్తిరించేస్తే అది చొక్కా కాదండీ, బనీను అవుతుంది" అంది మరదలు.

"అబ్బో! సర్కారు ఉద్యోగికి నొప్పి పుట్టింది."

"నాకేం నొప్పి? కొయ్యనీ. మా పెద్దాఫీసులో కుర్చీలకంటే మనుషులు ఎక్కువ, మనుషులకంటే ఫ్యాన్లు ఎక్కువ. కోస్తామన్నది తప్పు అనలేదు నేను. కత్తెర పైనుంచి మొదలవుతుందా, కిందనుంచా అని నా అనుమానం."

"ఎవరైనా కింది అంచే ముందు కత్తిరిస్తారు, ఏ దర్జీనైనా అడుగు."

"అదీ నేనన్నది" అంది, కూరగాయల సంచీని చేత్తో ఎత్తి బరువు చూస్తూ.

మొదటి కోత ఆమె కాటా మీదే పడింది, కానీ ఆమె మీద కాదు. గుంట తాత మీద. ఆయన ఒక ముసలాయన. వారానికోసారి పలక కింద గుంటలోకి దిగి, లారీల నుంచి రాలిన మట్టీ కంకరా పారతో తోడి పోసేవాడు. ఉద్యోగి కాదు, కూలి. ఆ కూలి ఆపేశారు. మరదలు పెద్దగా బాధపడలేదు. "లోపల చల్లగా ఉంటుంది వదినా. తాత దిగితే గంటల తరబడి చప్పుడు ఉండదు. పనిచేస్తున్నాడా, పడుకుంటున్నాడా అని నాకు ఎప్పణ్ణించో అనుమానం" అంది.

ఆ తరవాత నెలలు గడిచేకొద్దీ ఒక వింత జరిగింది. డ్రైవర్లు మంచివాళ్ళయిపోయారు. ఇదివరకు తూకం దగ్గర తిట్లూ, దెబ్బలాటలూ. ఇప్పుడు నమస్కారాలు. ఒకడు టీ తెచ్చిపెడతాడు, ఇంకొకడు "అక్కా, ఎండగా ఉంది, తలకి గుడ్డ కట్టుకో" అంటాడు. ఎక్కువ బరువు వేసుకొచ్చేవాళ్ళే కనపడ్డం లేదు. జరిమానాలు సన్నగిల్లిపోయాయి. ఇంకొకరైతే సంతోషించేవాళ్ళు. మా మరదలికి నిద్రపట్టలేదు.

"వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు వదినా" అంది ఒకరోజు.

"నవ్వనీవమ్మా. మంచిగా ఉంటే కూడా కష్టమేనా నీకు?"

"పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు."

వాళ్ళు ఆవిడకి ఒక కారణం కూడా చెప్పారు. క్వారీ నుంచి ఊళ్ళోకి రెండు దార్లు. కొండవైపు దారిలో ఇంకో సర్కారు కాటా ఉంది, దాన్ని పైకాటా అంటారు. అక్కడ కూర్చునేవాడు దొంగ, తూకం ఎక్కువ చూపించి జరిమానాలు మింగుతున్నాడు, నువ్వు దేవతవి కాబట్టి ఈ దారిన వస్తున్నాం అన్నారు. పైకాటాలో బరువు ఎక్కువని వెనక్కి తిప్పిన లోడే తన దగ్గర సరిగ్గా తూగడం ఆమె కళ్ళారా చూసింది. డ్రైవరు పైకాటా చీటీ చూపించాడు కూడా. దాంతో మనిషిని చూడకుండానే పైకాటా ఆయన మీద అనుమానం గట్టిపడిపోయింది. దేవత అన్న మాట మీద కూడా అనుమానం ఉండాలి కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ మెచ్చుకోలు చెవిలో పడ్డప్పుడు ఎవరికైనా కాస్త మెత్తబడుతుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం, క్వారీవాళ్ళు భోజనాలకి ఆపేసిన వేళ, రోడ్డు మీద ఒక్క లారీ లేదు. జీపు వచ్చి ఆగింది. పొదుపు కమిటీ ఆఫీసరు దిగాడు, కళ్ళజోడు మనిషి. ఎండకి తల మీద ఫైలు పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి, మర్యాదగా అడిగాడు.

"ఖాళీయేనా అమ్మా?"

అలవాటు ఎక్కడికి పోతుంది? "ఖాళీయే, రా!" అని కేకేసింది. తరవాత చూసుకుని, "అయ్యో, రండి సార్" అంది.

"ఎప్పుడూ ఇలాగే ఖాళీగా ఉంటుందా?"

అంకె గురించి అడుగుతున్నాడనుకుంది ఈవిడ. బండి దిగగానే కాటా సున్నాకి రావడం తన ప్రతాపం అనుకుంటుంది మరి. ఛాతీ విరుచుకుని చెప్పింది. "ఎప్పుడూ ఖాళీయే సార్! ఇన్నేళ్ళలో ఎవరూ వేలెత్తి చూపలేదు. మీరు ఎప్పుడైనా రండి, చెప్పకుండా రండి, ఖాళీగా లేకపోతే నన్ను అడగండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "మరి పై ఆఫీసుకి ఎప్పుడూ చెప్పలేదా?"

"చెప్పడానికేముంది సార్, అది నా బాధ్యత!"

ఇంత నిజాయితీ గల ఉద్యోగిని నేనెక్కడా చూళ్ళేదు అన్నాడట ఆయన వెళ్ళేటప్పుడు. ఇంటికొచ్చి ఆ మాట మాకు చెప్పుకుంది కూడా. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "అయినా అంతగా ఎందుకు మెచ్చుకున్నాడంటారు?" అంది. అప్పుడైనా మాకు తట్టలేదు.

కొన్నాళ్ళకి ఉత్తర్వు వచ్చింది. జరిమానాల రాబడి లేదు, పనీ లేదు, ఆ సంగతి ఉద్యోగే స్వయంగా ఒప్పుకుంది, కాబట్టి కింద కాటా మూసేస్తాం, ఆ ఉద్యోగం రద్దు. ఇంకొన్నేళ్ళు చేస్తే గాని ఆమెకి నిండు పింఛను రాదు. మా తమ్ముడి కొట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఊరంతా కుట్టిన బట్టలే కొనుక్కుంటుంటే వాడి దగ్గరికి వచ్చేవి చిరుగులూ, వదులైన నడుములూ. ఇల్లు నడిచేది ఆ కాటా మీద.

కత్తెర మెచ్చుకున్న మనిషి ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "ఇదేమిటే, నీ ఒక్కదాని జీతంతో దేశం లోటు తీరిపోతుందా?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ తీరుతుందన్నది మీరే కదా!"

"నేనన్నది వేరేవాళ్ళ గురించి."

మరదలు మాత్రం ఏడవలేదు. ఆమె అనుమానం అంతా పైకాటా మీదికి పోయింది. "వాడే రాసుంటాడు నా మీద. నా కాటా పోతే రెండు దార్ల లారీలూ వాడి చేతిలోకే." మర్నాడు సెలవుపెట్టి, తోడు రమ్మని నన్ను పిలిచింది. నేను ఇలాంటివాటికి ఎప్పుడూ సిద్ధమే. మంచి చీర కట్టుకుని, మంచినీళ్ళ సీసా పట్టుకుని బస్సెక్కాను.

పైకాటా ఆయన బండమనిషి, మెళ్ళో తుండుగుడ్డ. గదిలో కుర్చీ ఆయన కింద మూలుగుతోంది. మరదలు నోరు తెరిచేలోపే, "నువ్వేనా కింద కాటా అమ్మవి? నిన్ను చూడాలని నాకు ఎప్పణ్ణించో ఉంది" అన్నాడు.

"ఎందుకో?"

"లారీకి ఎంత తీసుకుంటున్నావో అడుగుదామని."

ఇహ చూడండి. "నేనా! నేను తీసుకుంటున్నానా? దొంగ తూకం నీది, దోపిడీ నీది, పైగా నా మీద రాతలు కూడానా?" అని ఈవిడ, "నా దగ్గర పట్టుబడ్డ లోడు నీ దగ్గర ఎలా సరిపోతుందమ్మా, మధ్యలో రాళ్ళు ఆవిరైపోతాయా?" అని ఆయన. నేను మధ్యలో నిలబడి, బళ్ళో పిల్లల్ని అన్నట్టు "ఒకరి తరవాత ఒకరు!" అన్నాను. ఇద్దరూ ఒకేసారి నన్ను కసిరారు.

చివరికి ఆయనే చెయ్యెత్తాడు. "ఇద్దర్లో ఒకరం దొంగలం. లేకపోతే రెండు కాటాల్లో ఒకటి తప్పు. అరవడం ఎందుకు, తూచుకుందాం. అదిగో, లోడు వస్తోంది."

వచ్చిన లారీని ఆయన పలక మీద తూచి చీటీ ఇచ్చాడు. బరువు బాగా ఎక్కువ. మేమిద్దరం ఆ లారీ ముందు సీట్లోనే ఎక్కి కూర్చున్నాం, కింద కాటాకి పోనిమ్మన్నాం. డ్రైవరు మొహం చూడాలి!

"అక్కా, మీరు బస్సులో వెళ్ళండక్కా, సీటు గట్టిది" అంటాడు.

"పర్లేదు, మాకు మెత్తటివి అలవాటు లేదు."

"టీ తాగి వెళదామా అక్కా?"

"నడుపు."

కింద కాటా మీద అదే లారీ, అవే రాళ్ళు. మధ్యలో ఒక్క రాయి కూడా దిగలేదు, మేం దాని నెత్తిన కూర్చునే వచ్చాం. కిటికీలో అంకె చూస్తే ఎక్కడా ఎక్కువ లేదు, సరిగ్గా ఉండాల్సినంతే. డ్రైవరు అలవాటు కొద్దీ, "చూశావా, నువ్వు దేవతవి అక్కా!" అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

మరదలు లారీ తాళాలు లాక్కుంది. పలక అంచున గొంతుకూర్చుని సందులోంచి లోపలికి చూసింది. ఒక కర్ర తీసుకుని దూర్చింది. కర్ర వేలెడంత దిగి ఆగిపోయింది. ఇంకోచోట దూర్చింది. అక్కడా అంతే. ఆమె మొహంలో రంగు మారడం నేను చూశాను.

గుంట తాత ఇల్లు దగ్గరే. కబురు పెడితే పార తీసుకుని వచ్చాడు. లోపలికి తొంగిచూసి, "ఏడాది మట్టి తల్లీ" అన్నాడు. "వానకి తడిసి, ఎండకి గట్టిపడింది. నీ పలక ఇప్పుడు తూకం మీద కూర్చోలేదు, మట్టి మీద కూర్చుంది. లారీ బరువులో కొంత నువ్వు చూస్తున్నావు, మిగతాది మట్టి మోస్తోంది."

లారీని పక్కకి తీయించి ఆయన గుంటలోకి దిగాడు. మధ్యాహ్నం దాటిపోయింది. మట్టి, కంకర, ఒక చెప్పు, ఎవరిదో నీళ్ళ డబ్బా, అన్నీ బయటికి వచ్చాయి. మరదలు గట్టు మీద కూర్చుని తాత పార చప్పుడు వింటోంది. మధ్యలో తాత కాసేపు ఆగితే, "ఏం తాతా, పడుకున్నావా?" అంది. "ఇక్కడ పడుకుంటే తేళ్ళు లేపుతాయమ్మా" అన్నాడు లోపల్నించి.

మళ్ళీ లారీ ఎక్కిస్తే, అంకె పైకాటా చీటీలో ఉన్నదే. డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ. మొత్తం కథ అర్థమైంది కదా. తాత కూలి ఆపేశారు. గుంట పూడింది. కాటా తక్కువ చూపించింది. లారీలన్నీ పండగ చేసుకున్నాయి. జరిమానాలు పోయాయి. జరిమానాలు లేవు గనక కాటానే తీసేస్తున్నారు. లోటు తగ్గించడానికి వేసిన కత్తెర వచ్చే రాబడిని కూడా కోసేసింది. ఇది చెబితే కాటా నిలబడొచ్చు. కానీ చెప్పడం అంటే, ఏడాదిగా నేను తప్పు తూచాను అని ఆమె తన నోటితో చెప్పుకోవడమే.

"నోరు మూసుకో" అన్నాడు మా తమ్ముడు. "చెప్పావంటే మొదట నిన్నే పట్టుకుంటారు. డ్రైవర్ల దగ్గర తిన్నావంటారు. ఇప్పుడైతే సగం పింఛనన్నా వస్తుంది, అప్పుడు అదీ పోతుంది."

"టీలు తాగావు కదా, అవి కూడా లెక్కలోకి వస్తాయేమో" అన్నాను నేను. ఊరికే అన్నాను. ఆవిడ నిజంగానే ఆలోచనలో పడిపోయింది.

"వాళ్ళు నన్ను దేవత అన్నప్పుడే నేను గుంటలోకి చూడాల్సింది వదినా" అంది చివరికి. "ఊరందర్నీ అనుమానించాను. నా కాటాని మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు. రేపు వెళ్ళి చెబుతాను. చెప్పకపోతే ఆ పైకాటా ఆయన జీవితాంతం నన్ను దొంగ అనుకుంటాడు."

పెద్దాఫీసుకి కూడా నేను తోడు వెళ్ళాను. వసారాలో బెంచీల నిండా జనం, అందరూ రద్దయినవాళ్ళే. కళ్ళజోడు ఆఫీసరు అంతా విన్నాడు. మధ్యలో అడ్డుపడలేదు. విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఉద్యోగం పోతుందనగానే మట్టి గుర్తొచ్చిందా అమ్మా?"

"అవునండి" అంది మరదలు. "పోదనుకుంటే గుంటలోకి చూసేదాన్నే కాదు."

ఆయన నవ్వలేదు గానీ, కుర్చీ చూపించాడు. "బయట బెంచీ మీద ఉన్నవాళ్ళు అందరూ ఇదే చెబుతారు. నన్ను తీసేస్తే మీకే నష్టం అంటారు. అందులో కొందరిది నిజం, కొందరిది అబద్ధం. మొన్న ఒక గోదాముకి వెళ్ళాను, కాపలావాడికి ఇంకో కాపలావాడు ఉన్నాడు. గోదాములో ఏమీ లేదు. అలాంటివి కోస్తే లోటు తగ్గుతుందమ్మా, నిజంగానే తగ్గుతుంది. మీలాంటివి కోస్తే పెరుగుతుంది. ఏది ఏదో తెలుసుకోవడానికి నాకు ఇచ్చింది ఒక జీపు, ఒక మధ్యాహ్నం."

"ఆ మధ్యాహ్నం మీరు ఖాళీయేనా అని అడిగారు సార్..."

"మీరు ఎప్పుడూ ఖాళీయే అన్నారు."

అప్పుడు ఆమెకి తెలిసింది తను ఏమన్నదో. డ్రైవర్ల కేక, తన జవాబు, అన్నీ విడమర్చి చెప్పింది. పక్క బల్ల దగ్గర గుమాస్తా కిసుక్కుమన్నాడు. ఆఫీసరు మాత్రం చాలాసేపు ఫైలు వంక చూశాడు. అలాంటి ఖాళీలు ఇంకెన్ని రాసుకున్నానో అని ఆయనకే అనుమానం వచ్చినట్టుంది.

ఏడాది తప్పు తూకానికి ఆమె జీతంలో ఒక పెంపు ఆపేశాడు. గుంట తాత కూలి మళ్ళీ ఇమ్మన్నాడు. కాటా మూయడం ఆరునెలలు వాయిదా వేశాడు. "జరిమానాలు వస్తే ఉంటారు" అన్నాడు.

జరిమానాలు వచ్చాయి, వరదలా వచ్చాయి. దేవత కాస్తా పిశాచి అయింది. టీలు ఆగిపోయాయి, తిట్లు మొదలయ్యాయి. అన్ని నెలల తరవాత మా మరదలు హాయిగా నిద్రపోయింది. "ఇప్పుడు నిజం మొహం చూపిస్తున్నారు" అంది.

కానీ లారీవాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు కడతారు? రెండు కాటాలూ సరిగ్గానే ఉన్నాయని తెలిశాక లోడు తగ్గించుకున్నారు. జరిమానాలు మళ్ళీ పల్చబడ్డాయి. ఈసారి కాటా తప్పు కాదు, ఒప్పు కాబట్టే. గడువు దగ్గరపడుతుంటే ఆమె మొహంలో మళ్ళీ పాత దిగులు. నేను కాటా గదికి వెళ్ళిన ఒకరోజు, దూరంగా ఒక లారీ ఒక పక్కకి ఒరిగి, మూలుగుతూ వస్తోంది. మరదలు కుర్చీలోంచి లేచి, చేతులు కలుపుకుని, "ఎక్కువుంది, ఎక్కువుంది!" అంది చిన్నపిల్లలా. మరుక్షణం తనే కూలబడిపోయింది.

"చూశారా వదినా నా బతుకు! రోడ్డు పగలగొట్టేవాడు వస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు తప్పు చేస్తేనే నాకు ఉద్యోగం. అందరూ సరిగ్గా ఉంటే నేను దండగ."

ఆ లారీ తూచితే ఎక్కువేం లేదు, టైరు వంకర.

గడువుకి ఆఫీసరు వచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు, కూర్చుని చూశాడు. తరవాత లేచి రోడ్డు మీద నడిచాడు. ఆమె వెనకాలే వెళ్ళింది. "సార్, జరిమానాలు తగ్గాయి, దాచను. కానీ రోడ్డు చూడండి. పోయినేడు ఇక్కడ లారీ చక్రం దిగిపోయేంత గోతులు. మళ్ళీ పూడ్చారు. అప్పటినుంచీ ఒక్కటీ పడలేదు."

"అది నాకూ కనపడుతోందమ్మా. కానీ రోడ్డు మా పద్దు కాదు. గొయ్యి పూడ్చడానికి అయ్యేది రోడ్ల శాఖ ఖర్చు, మీ జీతం పన్నుల శాఖ ఖర్చు. నా ఫైల్లో రోడ్డుకి చోటు లేదు."

"దేశం ఒకటే కదా సార్?"

"దేశం ఒకటే. ఫైళ్ళు వేరు." "చూద్దాం. ఇంకో తలుపు తట్టి చూస్తాను" అని జీపెక్కాడు.

ఆ తలుపు తెరుచుకుంది. కాటాని రోడ్ల శాఖ తీసుకుంది. గది అదే, పలక అదే, గుంటా తాతా అవే. బోర్డు మాత్రం మార్చారు. జీతం కూడా అంతే అన్నారు. మేం ఊపిరి పీల్చుకున్నాం. ఒక్క మనిషి తప్ప. "ఇంత సులువుగా ఎలా అయిందంటారు?" అని మా మరదలు తిరుగుతూనే ఉంది.

కొత్త బోర్డు కింద నెల నిండకముందే ఒక మధ్యాహ్నం, నేను ఆమె క్యారియర్లో సగం తింటుండగా, మా తమ్ముడు పేపరు ఊపుకుంటూ కాటా గదికి వచ్చాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"ఏమే, పేపర్లో పడ్డావే! పన్నుల శాఖలో కోతలు ఫలించాయట. కాటా ఉద్యోగాలు రద్దు చేసి ఖర్చు తగ్గించారట, లోటు ఆ మేరకి దిగివచ్చిందట. నేను మొదటినుంచీ చెప్పలేదూ, కత్తిరిస్తే తగ్గుతుందని!"

మరదలు ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. "ఏ కాటా ఉద్యోగాలు?"

"ఇదే. నీదే."

ఆమె కుర్చీ వంక చూసుకుంది. చేతులు చూసుకుంది. "ఏవండీ, నేను ఇక్కడే ఉన్నాను కదా?"

"ఉన్నావు."

"జీతం సర్కారుదే కదా?"

"సర్కారుదే."

"మరి తగ్గింది ఏమిటి? రోడ్ల శాఖ ఖర్చులో నా జీతం చేరిందని ఎక్కడ రాశారో చూడండి."

మా తమ్ముడు పేజీలు తిరగేశాడు. నేనూ తిరగేశాను. బళ్ళో అచ్చుతప్పులు పట్టిన కళ్ళు నావి, ఒక్క మూల వదల్లేదు. ఎక్కడా లేదు. పన్నుల శాఖలో పోయిన ఉద్యోగం ఉంది గానీ, రోడ్ల శాఖలో వచ్చిన ఉద్యోగం ఏ పేజీలోనూ లేదు.

"మరి గుంటలో కోత కోస్తే పోయిన జరిమానాలు? పూడ్చిన గోతులు? అవి ఎవరి లెక్కలో రాశారు?"

"అంతా ఒక్క పేపర్లో ఎలా పడుతుందే!" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

మరదలు క్యారియర్ మూసేసింది. ఆమె కళ్ళలోకి అప్పుడు వచ్చిన అనుమానం మామూలుది కాదు. "పన్నుల శాఖ వాళ్ళు నన్ను తీసేశామనుకుంటున్నారు. రోడ్ల శాఖ పుస్తకంలో నేను ఇంకా ఎక్కానో లేదో. నెలాఖరుకి జీతం ఎవరిస్తారు?" అంది.

చేతులు కడుక్కోకుండానే ఫోనందుకుంది. కళ్ళజోడు ఆఫీసరుకే చేసింది. ఆయన నమస్కారం కూడా పూర్తి చెయ్యనివ్వలేదు.

"సార్, నేను కాటా దగ్గర్నుంచి. పేపర్లో నేను లేను. కుర్చీలో ఉన్నాను. ఇంతకీ నేను ఉన్నానా, లేనా?"

అవతల ఆయన నవ్వు మాకు కూడా వినపడింది. "ఉన్నారమ్మా. నిక్షేపంగా ఉన్నారు. మా లెక్కలో మాత్రం లేరు, అంతే. జీతం వస్తుంది, భయపడకండి."

"నవ్వుతున్నారెందుకు సార్?"

"ఏం లేదమ్మా..."

"నవ్వుతూ చెప్పింది నేను నమ్మను. నేను ఉన్నానని ఒక కాయితం మీద రాసి, సంతకం పెట్టి, సీలు వేసి పంపండి. నేను లైన్లోనే ఉంటాను, మీరు రాయండి" అంది మా మరదలు.